పర్యావరణ సంఘం వార్షిక సమావేశంలో అధికారులతో ముఖాముఖి: మాట కాగితం మీదికి రావాలంటే

చెరువులు, వాగులు, చెట్ల కోసం పనిచేసే సంఘాలు ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం పెట్టి, అదే రోజు అధికారుల్ని కూడా పిలుస్తుంటాయి. హాలు అద్దె కలిసొస్తుంది, సభ్యులంతా ఒకచోట ఉంటారు. కానీ రెండింటినీ కలగాపులగం చేస్తే రెండూ చెడతాయి. లెక్కల మీద, ఎన్నికల మీద సభ్యులు వాదించుకుంటుంటే ముందు వరుసలో ఇంజనీరు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. ఆయన వంతు వచ్చేసరికి వేరే మీటింగ్ ఉందని లేస్తారు. పొద్దున 9:30 నుంచి 11:30 దాకా సభ్యులకే ఉంచి, 12 గంటలకు ముఖాముఖి మొదలుపెట్టండి. మధ్య అరగంట కావాలనే ఖాళీగా ఉంచండి. లెక్కల చర్చ చెప్పిన టైముకు ముగిసిన సంఘం అరుదు.

సభ్యుల సమావేశం గురించి రెండే మాటలు. నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, కోరం ఎంత (కనీసం ఎంతమంది హాజరవ్వాలి) అన్నది మీ బైలాలో, అంటే సంఘం నియమావళిలో ఉంటుంది, ఆ పేజీ చూశాకే తేదీ వేయండి. ఫలానా చెరువు విషయంలో దరఖాస్తులు, కేసులు వేసే అధికారం ఎవరికో పేరు పెట్టి తీర్మానం చేయండి. అది లేకపోతే రేపు జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అసలు విషయానికి ముందే, సంతకం పెట్టే హక్కు మీకెక్కడిదని అవతలి లాయరు అడుగుతాడు. కొత్త కార్యవర్గం జాబితాను 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద 15 రోజుల్లోపు రిజిస్ట్రార్‌కు ఇచ్చేయండి.

తేదీ దగ్గరే సగం సభలు దెబ్బతింటాయి. సోమవారం కలెక్టరేట్లలో జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం (తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో పీజీఆర్ఎస్) ఉంటుంది కాబట్టి కలెక్టరేట్ దాటి ఎవరూ రారు. ఆదివారం, రెండో శనివారం సభ్యులకు సుఖం, అధికారులకు కాదు. మంగళవారం నుంచి శుక్రవారం మధ్య చూసుకోండి. ఎన్నికల కోడ్, అసెంబ్లీ సమావేశాలు ఉంటే ఆ నెల వదిలేయడమే మేలు.

లెక్కలు మార్చి 31కి ముగుస్తాయి గనుక చాలా సంఘాలు జూన్, జూలైలో సమావేశం పెడతాయి. అప్పటికి తొలకరి పడి ఉంటుంది. పూడికతీత, మురుగు కాలువ మళ్లింపు అడిగితే “నీళ్లు దిగాక చూద్దాం” అంటారు, అందులో తప్పేమీ లేదు. ఆ నెలల్లో తవ్వకం అడగకండి, తవ్వకానికి ఎస్టిమేట్ అడగండి. సర్వే, చెరువు హద్దుల నోటిఫికేషన్, నీటి శాంపిళ్లు అడగండి. వేసవి పనికి కాగితం వానాకాలంలోనే కదలాలి.

ఇక ఎవర్ని పిలవాలి? మంత్రినో ఎమ్మెల్యేనో ముఖ్య అతిథిగా పిలిస్తే హాలు నిండుతుంది, పేపర్లో ఫొటో పడుతుంది. దండలు, ప్రసంగాలు అయ్యాక ప్రశ్నలకు పది నిమిషాలు మిగలవు. వాళ్లను వేరే రోజు కలవండి. ముఖాముఖికి కావలసింది ఆ ఫైలు మీద సంతకం పెట్టే మనిషి. చెరువు విషయమే తీసుకుంటే, ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్, నిండు చెరువు మట్టం) హద్దు తేల్చేది నీటిపారుదల శాఖ ఇంజనీర్లు. అలుగు మట్టం దాకా నీళ్లు నిలిస్తే మునిగే నేలంతా ఎఫ్‌టీఎల్ కిందికే వస్తుంది. ఆ మ్యాపును సర్వే నంబర్లతో సరిచూసేది, ఆక్రమణ తేల్చేది రెవెన్యూ, అంటే తహసీల్దారు. ఇంటి మురుగు మున్సిపాలిటీది, ఫ్యాక్టరీ నీళ్లు కాలుష్య నియంత్రణ మండలివి. ఎఫ్‌టీఎల్ చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన బఫర్ 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. అందులో కట్టడానికి అనుమతి ఎవరిచ్చారో చెప్పాల్సింది టౌన్ ప్లానింగ్ విభాగం. ఒకరే వస్తే “అది మా పరిధి కాదు” అని తప్పుకుంటారు. వీళ్లంతా ఒకే గదిలో ఉంటే ఆ మాట అనడం కష్టం.

ఆహ్వానం మూడు వారాల ముందు వాళ్ల ఆఫీసు తపాలా విభాగంలో ఇచ్చి, అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. వాట్సాప్‌లో పంపిన కార్డుకు విలువ లేదు. లేఖతో పాటు రెండు పేజీల నోట్, అందులో అడగబోయే ప్రశ్నలు యథాతథంగా పెట్టండి. సభలో అకస్మాత్తుగా అడిగి ఇరుకున పెడితే చప్పట్లు పడతాయి గానీ, ఫైలు చూడకుండా వచ్చిన అధికారి ఇచ్చే జవాబు దేనికీ పనికిరాదు.

ఆ ప్రశ్నలకు బలం సమాచార హక్కు దరఖాస్తుతో వస్తుంది. జవాబుకు 30 రోజుల గడువు, అది దాటితే మొదటి అప్పీలు. కాబట్టి సభకు రెండున్నర నెలల ముందే వేయాలి. ఫీజు గ్రామస్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. “చర్య ఎందుకు తీసుకోలేదు” అని అడిగితే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. “ఫలానా చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు, ప్రాథమిక నోటిఫికేషన్, దానిపై వచ్చిన అభ్యంతరాల ధ్రువీకృత నకళ్లు” అని అడగండి. తప్పు ఆఫీసులో వేశారా? 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాల్సిన బాధ్యత వాళ్లదే.

నీటి నాణ్యత మీద మాట్లాడాలంటే పరీక్ష ఉండాలి. కరిగిన ఆక్సిజన్‌ను ఒడ్డునే రసాయనాలు కలిపి స్థిరపరచాలి, లేదా మీటరుతో అక్కడే కొలవాలి. బీఓడీ (నీటిలోని మలినాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) శాంపిల్‌ను ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చాలి. వేడికి వదిలేస్తే సీసాలోనే సూక్ష్మజీవులు పని కానిచ్చేస్తాయి, అంకె తప్పుతుంది. ఏ గంటకు తీశారో రాయండి. నాచు పట్టిన చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి మధ్యాహ్నానికి బాగా పెరుగుతుంది, ఈ తేడా చూపించి మీ రిపోర్టును కొట్టిపారేయొచ్చు. పోల్చడానికి స్నానయోగ్యమైన నీటి ప్రమాణం చాలు: ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములు అంతకు పైన, బీఓడీ 3 అంతకు లోపు. మీ శాంపిల్ చట్టప్రకారం సాక్ష్యం కాదు, ఆ అధికారం మండలి సిబ్బందిదే. మీరు సభలో అడగాల్సింది ఉమ్మడిగా శాంపిల్ తీయడానికి ఒక తేదీ.

వేదిక వద్దు. కుర్చీలు గుండ్రంగా వేయండి. ప్రశ్నలు ఐదుకు మించనీయకండి. ఒక్కోదానికి పది నిమిషాలు: అడగడానికి మూడు, జవాబుకు ఐదు, మళ్లీ అడగడానికి రెండు. చేపలు పట్టేవాళ్లు, ఆయకట్టు రైతులు ముందు మాట్లాడాలి. పట్నం సభ్యుల పర్యావరణ ప్రసంగాలను సమన్వయకర్త మొహమాటం లేకుండా ఆపాలి.

అసలు పని జవాబు వచ్చాక మొదలవుతుంది. “పరిశీలిస్తాం” అంటే ఎవరు, ఏ రోజు వస్తారో అడిగి, వెంట వెళ్లే ఇద్దరి పేర్లు అక్కడే చెప్పండి. “పైకి పంపాం” అంటే లేఖ నంబరు, తేదీ అడగండి. “నిధులు లేవు” అంటే ఎస్టిమేట్ తయారైందా, ఎంతకు, ఎవరి దగ్గర ఆగింది? చాలాసార్లు ఎస్టిమేటే వేసి ఉండరు. “కోర్టులో ఉంది” అనేది అందరికంటే గట్టి గోడ. కేసు నంబరు, స్టే ఉందా, ఉంటే చెరువంతటికా, ఒక్క సర్వే నంబరుకా అన్నది అడగండి. ఒక ప్లాటు మీది స్టేను చూపించి చెరువంతా వదిలేయడం మామూలే.

ఒకరు పక్కన కూర్చుని తెర మీద అందరికీ కనపడేలా నాలుగు గడుల్లో రాస్తూ పోవాలి: అంశం, చెప్పిన మాట, బాధ్యుడి హోదా, తేదీ. పేరు కాదు, హోదానే. ఆరు నెలల్లో ఆ మనిషికి బదిలీ కావొచ్చు, మాట ఆ కుర్చీ మీదే ఉండాలి. భోజనానికి లేవకముందే దాన్ని పైకి చదవండి. “నేనలా అనలేదు” అన్నది అక్కడే తేలిపోవాలి. సంతకాలు అడగకండి, అడిగితే మరుసటి ఏడు రారు. మర్నాడే దాన్ని లేఖగా అందరి ఆఫీసుల్లో ఇచ్చి ఇన్‌వర్డ్ వేయించండి. ఏడు రోజుల్లో సవరణలు తెలపమని కింద ఒక వాక్యం చాలు.

చెప్పిన తేదీ దాటితే ఆ లేఖ జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టండి, అర్జీ నంబరుతో తీసుకున్న చర్యలపై సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఒక్క గడువు మాత్రం మనసులో ఉండాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు, వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి 6 నెలలే సమయం, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. అనుమతి ఉత్తర్వు మీద అప్పీలుకైతే 30 రోజులే. అధికారులతో చర్చలు నడుస్తున్నాయని ఆ లెక్క ఆగదు. చెన్నై బెంచీకి కావలసిన కాగితాలు ముఖాముఖి ఫైలు పక్కనే ఇంకో ఫైలులో సిద్ధం చేసుకుంటూ ఉండండి.