జావాలో సింగిల్ సైన్ ఆన్ – 4వ పాఠం: తూము మూసినా మడిలో నీళ్ళు

మూడో పాఠం చివర మీరే ఒకటి గమనించి ఉంటారు. మన మూడు అప్లికేషన్లు గుంటల రిజిస్టరు, బిల్లింగ్, మేత స్టోరు కదా. వాటిలో గుంటల రిజిస్టరులో లాగౌట్ నొక్కి, పక్క ట్యాబ్‌లో ఉన్న బిల్లింగ్‌ని రిఫ్రెష్ చేస్తే, ఏమీ జరగనట్టు మామూలుగా తెరుచుకుంటుంది. ఒక్కసారి లాగిన్ అయితే మూడు అప్లికేషన్లూ తెరుచుకున్నాయి కాబట్టి ఒక్కసారి లాగౌట్ అయితే మూడూ మూసుకుంటాయి అనుకుంటాం. మూసుకోవు. ఎందుకు మూసుకోవో, ఎలా మూయించాలో ఈ పాఠంలో చూద్దాం.

నేను ఇది నేర్చుకున్నది పుస్తకంలో కాదు, తిట్లు తిని. నెల్లూరు దగ్గర రొయ్యలు కొనే ఒక ఆఫీసుకి ఇలాంటి మూడు అప్లికేషన్లే చేసిచ్చాను. కాటా పక్కన ఒకే కంప్యూటర్, పగలు ఒకరు, రాత్రి ఒకరు. పగటి గుమాస్తా ఎనిమిదింటికి గుంటల రిజిస్టరులో లాగౌట్ కొట్టి ఇంటికి పోయాడు. రాత్రి కుర్రాడు వచ్చి బిల్లింగ్ తెరిచాడు. పాస్‌వర్డ్ అడగలేదు, అతనూ పట్టించుకోలేదు. కిలోకి 40 తూగే సరుకుని 50 కౌంట్ అని ఎక్కించాడు. కౌంట్ పెరిగితే రొయ్య చిన్నదని లెక్క, రేటు పడిపోతుంది. తెల్లారి రైతు వచ్చి గొడవ. బిల్లు మీద చూస్తే పగటి గుమాస్తా పేరుంది. "నేను లాగౌట్ కొట్టాకే పోయినా గదన్నా" అని అతను ఒకటే మొత్తుకోవడం. అతను చెప్పింది నిజమే. తప్పు నాది.

మా తాతది బుచ్చిరెడ్డిపాళెం. కనిగిరి రిజర్వాయర్ కింద కాస్త పొలం ఉండేది. కాలువ తలుపు దించేశారని, కాలువ చూసుకునే లస్కరు చెప్పి పోయాక కూడా మా మడిలో నీళ్ళు అట్టాగే నిలబడి ఉండేవి. పైన తూము మూస్తే కొత్త నీళ్ళు రావు, అంతే. ఉన్న నీళ్ళు పోవాలంటే ఆ మడి గట్టుకి ఎవరో ఒకరు వెళ్ళి గండి కొట్టాలి.

మూడు అప్లికేషన్లకీ లాగిన్ చూసే మన కాస్ (CAS) సర్వర్ ఆ తూము లాంటిది. లాగిన్ అయినప్పుడు అది తన దగ్గర ఒక పెద్ద టికెట్ రాసుకుని, దాని గుర్తుని బ్రౌజర్‌లో కుకీగా పెడుతుందని రెండో పాఠంలో చూశాం. తర్వాత ఒక్కో అప్లికేషన్‌కీ ఒక్కో సర్వీస్ టికెట్ ఇస్తుంది. అప్లికేషన్ ఆ టికెట్ సరైనదో కాదో కాస్‌ని ఒక్కసారి అడిగి, తన సొంత సెషన్, అంటే ఈ మనిషి లోపల ఉన్నాడన్న గుర్తు, తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఇక కాస్ ముఖం చూడదు. అదే మడిలో నీళ్ళు. కాస్‌లో పెద్ద టికెట్ చింపేసినా, మన అప్లికేషన్‌ని నడిపే టామ్‌క్యాట్‌లో ఆ సెషన్ బతికే ఉంటుంది. ఎవరూ ముట్టుకోకపోతే టామ్‌క్యాట్ మామూలుగా పెట్టే గడువు 30 నిమిషాలు. రాత్రి కుర్రాడు 10 నిమిషాల్లో వచ్చాడు.

అందుకని ముందు చేయాల్సింది, మన లాగౌట్ లింకు ఎక్కడికి పోతోందో చూసుకోవడం. నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. సొంత సెషన్‌ని ఇన్‌వాలిడేట్ చేసి, బై బై పేజీ ఒకటి చూపించి ఊరుకున్నాను. అలా కాదు, సొంత సెషన్ మూశాక బ్రౌజర్‌ని కాస్ సర్వర్ లాగౌట్ అడ్రసుకి పంపాలి. అప్పుడు పెద్ద టికెట్ రద్దవుతుంది, కుకీ పోతుంది.

ఇక గండి కొట్టే పని. పెద్ద టికెట్ చింపేటప్పుడు, దాని మీద ఏయే అప్లికేషన్‌కి ఏ సర్వీస్ టికెట్ ఇచ్చిందో కాస్ దగ్గర లెక్క ఉంటుంది. ఆ లెక్క చూసుకుని ఒక్కో అప్లికేషన్‌కీ తనే ఒక పోస్ట్ రిక్వెస్ట్ పంపుతుంది. అందులో లాగౌట్ రిక్వెస్ట్ అనే పేరుతో ఒకే పారామీటర్, దానిలో చిన్న ఎక్స్‌ఎమ్‌ఎల్ ముక్క. ఆ ముక్కలో సెషన్ ఇండెక్స్ అనే ట్యాగ్ ఉంటుంది. దాని మధ్యలో ఉండేది మీ టామ్‌క్యాట్ సెషన్ నంబరు కాదు, లాగిన్ రోజు ఇచ్చిన సర్వీస్ టికెట్ నంబరు. కాస్‌కి మీ సెషన్ నంబరు ఎలా తెలుస్తుంది?

ఈ పోస్ట్ వచ్చేది బ్రౌజర్ నుంచి కాదు, కాస్ సర్వర్ నుంచి. దీన్ని ఒక కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించుకోండి. ఇక ముందు మీకు తగిలే తలనొప్పులన్నీ దీంట్లోంచే పుడతాయి. వాడకందారు కుకీ ఆ రిక్వెస్ట్‌లో ఉండదు. కాబట్టి ఆ టికెట్‌తో వచ్చిన మనిషి సెషన్ ఏదో అప్లికేషనే ముందుగా రాసిపెట్టుకుని ఉండాలి.

రాసిపెట్టే పని కాస్ క్లయింట్‌లోని (అప్లికేషన్‌లో పెట్టుకునే కాస్ లైబ్రరీ) సింగిల్ సైన్ అవుట్ ఫిల్టర్ చేస్తుంది. ఫిల్టర్ అంటే వచ్చే రిక్వెస్ట్‌ని అప్లికేషన్ కన్నా ముందే చూసే కోడ్. లాగిన్ అయి టికెట్‌తో తిరిగొచ్చే రిక్వెస్ట్‌ని పట్టుకుని, ఫలానా టికెట్‌కి ఫలానా సెషన్ అని మెమరీలో ఒక హ్యాష్‌మ్యాప్‌లో ఎక్కిస్తుంది. లాగౌట్ పోస్ట్ వచ్చినప్పుడు ఆ మ్యాప్‌లో వెతికి సెషన్‌ని చంపేస్తుంది. దానికి తోడుగా సింగిల్ సైన్ అవుట్ సెషన్ లిజనర్ కూడా పెట్టాలి. గడువు తీరి పోయిన సెషన్లని మ్యాప్‌లోంచి తీసేసేది అదే. లిజనర్ మర్చిపోతే పని జరిగినట్టే కనిపిస్తుంది, మెమరీ మాత్రం రోజురోజుకీ ఉబ్బుతుంది.

వెబ్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ తెరవండి. మనం టామ్‌క్యాట్ 9 మీద ఉన్నాం కాబట్టి క్లయింట్ 3వ వరస జార్ సరిపోతుంది. ఈ ఫిల్టర్ మ్యాపింగ్‌ని మిగతా కాస్ ఫిల్టర్లన్నిటికన్నా పైన రాయండి, అప్లికేషన్ మొత్తానికి వర్తించేలా. కింద రాస్తే ఏమవుతుందో ఊహించండి. కాస్ పంపిన పోస్ట్ ముందుగా ఆథెంటికేషన్ ఫిల్టర్ చేతిలో పడుతుంది. దానికి కుకీ కనపడదు, సెషన్ కనపడదు. ఎవరో లాగిన్ కాకుండా వచ్చారనుకుని, తిరిగి కాస్ లాగిన్ పేజీకే తరిమేస్తుంది. గండి కొట్టడానికి వచ్చిన లస్కరుని గట్టు మీదే ఆపి, ఎవరు నువ్వు అని వెనక్కి పంపినట్టు. ఇది నన్నే రెండు రోజులు తిప్పలు పెట్టింది.

పట్టుకోవడం తేలికే. టామ్‌క్యాట్ యాక్సెస్ లాగ్ తెరిచి, కాస్ సర్వర్ ఐపీ నుంచి వచ్చిన పోస్ట్ లైను వెతకండి. 200 ఉంటే ఫిల్టర్ అందుకున్నట్టు. 302 ఉంటే వేరే పేజీకి మళ్ళించినట్టు, అంటే ఫిల్టర్ల వరస తప్పు. స్ప్రింగ్ సెక్యూరిటీ వాడేవాళ్ళకి 403 వస్తే, అది సీఎస్‌ఆర్‌ఎఫ్ రక్షణ (వేరే సైటు వాడకందారు పేరుతో దొంగ రిక్వెస్ట్ పంపకుండా పెట్టే కాపలా) అడ్డుపడటం. కాస్ సర్వర్ దగ్గర మీ సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ ఎక్కడ ఉంటుంది పాపం? సైన్ అవుట్ ఫిల్టర్‌ని సీఎస్‌ఆర్‌ఎఫ్ ఫిల్టర్ కన్నా ముందు పెట్టండి, చాలు. సీఎస్‌ఆర్‌ఎఫ్‌ని మొత్తానికే ఆపేసేవాళ్ళని చూశాను, ఆ పని చేయకండి.

అసలు ఆ లైనే లేకపోతే? అప్పుడు పోస్ట్ మీ దాకా రాలేదు. మీ లాప్‌టాప్‌లో లోకల్‌హోస్ట్ అడ్రసుతో లాగిన్ అయ్యారేమో చూడండి. కాస్ ఒంగోలులో ఇంకో మెషిన్ మీద ఉంటే, దానికి లోకల్‌హోస్ట్ అంటే తనే. తన తలుపు తనే కొట్టుకుని ఊరుకుంటుంది. అడ్రసు సరిగ్గానే ఉంటే సర్టిఫికెట్ సంగతి చూడండి. మీరే చేసుకున్న సర్టిఫికెట్‌ని కాస్ నడిచే జావా నమ్మదు, దాని ట్రస్ట్‌స్టోర్‌లో, అంటే అది నమ్మే సర్టిఫికెట్ల ఫైల్‌లో, చేర్చాలి. ఈ ఫిర్యాదు మీ లాగ్‌లో కనపడదు, కాస్ సర్వర్ లాగ్‌లో ఉంటుంది.

అన్నీ సరిచేశాక కూడా ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, "లాగౌట్ అయినా బిల్లులు కనిపిస్తున్నాయి" అని. టెన్షన్ పడకండి. వాళ్ళు వెనక బటన్ నొక్కి ఉంటారు. అది బ్రౌజర్ దాచుకున్న పాత పేజీ. అక్కడ ఏ లింకు నొక్కినా లాగిన్‌కి పోతుంది. అయినా డబ్బు లెక్కలు అలా కనపడటం మంచిది కాదు కాబట్టి, ఆ పేజీలకి క్యాష్ కంట్రోల్ హెడర్‌లో నో స్టోర్ అని పంపండి.

ఇప్పుడు పరీక్ష. మూడు ట్యాబ్‌లలో మూడు అప్లికేషన్లూ తెరవండి, మేత స్టోరులో లాగౌట్ కొట్టండి, మిగతా రెండూ రిఫ్రెష్ చేయండి. రెండూ లాగిన్ అడగాలి. అడిగితే ఇంకొకటి చేయండి. మళ్ళీ లాగిన్ అయి మూడూ తెరిచి, బిల్లింగ్ టామ్‌క్యాట్‌ని షట్‌డౌన్ స్క్రిప్ట్‌తో ఆపండి. అది ఆగి ఉండగా మేత స్టోరులో లాగౌట్ కొట్టి, తర్వాత బిల్లింగ్‌ని మళ్ళీ లేపి రిఫ్రెష్ చేయండి. దర్జాగా లోపలికి రానిస్తుంది. కాస్ పంపిన పోస్ట్ అందుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. టామ్‌క్యాట్ 9 ఆగేటప్పుడు సెషన్లని డిస్క్ మీద రాసి, లేచాక మళ్ళీ చదువుకుంటుంది. మన హ్యాష్‌మ్యాప్ మాత్రం మెమరీతోనే పోయింది.

బిల్లింగ్‌ని రెండు టామ్‌క్యాట్‌ల మీద నడిపితే ఇదే జబ్బు ఏదీ ఆగకుండానే వస్తుంది. సెషన్ ఒక దాంట్లో, పోస్ట్ ఇంకో దాంట్లో పడుతుంది. దాని మందు ఐదో పాఠంలో. ఈలోపు బిల్లింగ్ టామ్‌క్యాట్ కాన్ఫ్ ఫోల్డర్‌లోని కాంటెక్స్ట్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ తెరిచి, మేనేజర్ అన్న లైను చుట్టూ ఉన్న కామెంట్ తీసేసి, పై పరీక్ష మళ్ళీ చేసి చూడండి.