కుక్క ఒక్కటే పెరట్లోకి వెళ్లాలంటే

మీరు పక్కన నిలబడితే తప్ప పెరట్లో పాస్ పోయని కుక్క ఉంటే, దాన్ని బయటికి తోసి తలుపు మాత్రం వేయకండి, తలుపు గీరుతూ అక్కడే కూర్చుంటుంది గానీ పని కానివ్వదు. మొదట్లో రోజూ ఒకే మూలకి మీరే తీసుకెళ్లండి, పాత వాసన ఉన్నచోట దానికి తొందరగా అవుతుంది. అయిన వెంటనే, అక్కడే, ఉప్పుకారం లేని ఉడికించిన చికెన్ ముక్క చిన్నది పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెడితే లోపలికి పరిగెత్తినందుకు పెట్టారనుకుంటుంది, చాలామందికి తేడా కొట్టేది ఇక్కడే. తర్వాత కొంచెం కొంచెంగా మీరు వెనక్కి జరగండి, ముందు నాలుగడుగులు, ఆ తర్వాత మెట్ల దగ్గర, అది అలవాటయ్యాక గడప లోపల, తలుపు తెరిచే ఉంచి. మీ వెంట వచ్చేస్తే అరవొద్దు, మళ్లీ కాస్త దగ్గరగా నిలబడండి, అంతే.

మన కడప, అనంతపురం వైపు ఇంకో సంగతి ఉంది. పెరడంతా నల్ల కడప బండలే పరిచి ఉంటే, మే నెల మధ్యాహ్నం కుక్క బయటికి రానంటే అది మొండితనం కాదు, కాళ్లు కాలుతున్నాయి. బండ మీద మీ చెయ్యి ఐదారు సెకన్లు ఆనించి చూడండి, మీరు ఓర్చుకోలేకపోతే దానికీ అంతే. ఎండాకాలంలో నేర్పడం పొద్దున్నే పెట్టుకోండి, సాయంత్రం బండలు అంత తొందరగా చల్లారవు. గేటు కింద వీధికుక్కలు దూరే సందుంటే ముందు అది మూయండి, ఒక్కసారి బెదిరిందంటే మళ్లీ మొదటికే.