స్నోమొబైల్ తాళం ఇంకొకరి చేతికిచ్చే ముందు

పోయిన సీజన్ చివర్లో మిన్నెసోటా ఉత్తరాన ఒక క్యాబిన్ దగ్గర జరిగిన సంగతి. నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి వీకెండ్‌కి వెళ్లాయి. స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) ఒకాయనది. బావమరిది ఒక రౌండ్ వేసొస్తానంటే తాళం ఇచ్చాడు. వెనక ఇంకో స్నేహితుడు ఎక్కాడు. మలుపులో బండి చెట్టుకు కొట్టుకుంది. వెనక కూర్చున్నాయనకి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ ఖర్చు ఆయన ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ కట్టేసింది కాబట్టి గండం గడిచిందనుకున్నారు అందరూ. వేసవిలో బండి ఓనరుకి లాయర్ల నుంచి ఉత్తరం వచ్చింది. హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ తాను కట్టిన డబ్బు ఆయన దగ్గర రాబట్టుకుంటానంటోంది. అప్పుడు పాలసీ తీసి చదివితే, వెనక కూర్చున్నవాళ్ల దెబ్బలకు అందులో కవర్ లేదు. అది విడిగా తీసుకోవాల్సిన కవర్. ఆన్‌లైన్‌లో అన్నిటికంటే తక్కువ చూపించిన పాలసీని ఆయన పది నిమిషాల్లో కొనేశాడు మరి.

డిసెంబరు 1న మిన్నెసోటాలో, మిషిగన్‌లో ట్రెయిల్స్ (స్నోమొబైళ్లు తిరిగే దారులు) మళ్లీ తెరుస్తారు. హెల్మెట్, గ్లవ్స్, తాగి నడపకపోవడం లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పేది బండి కొనేటప్పుడు గానీ పాలసీ తీసుకునేటప్పుడు గానీ ఎవరూ అడగని విషయం. మనవాళ్లలో సొంత బండిని ఒంటరిగా నడుపుకునేవాళ్లు తక్కువ. ఒక బండి ఉంటే పదిమంది ఎక్కుతారు. పాలసీ మాత్రం ఒక్కడే నడుపుతాడన్నట్టు తీసుకుంటారు. కొంప మునిగేది ఇక్కడే.

ఉందిలే అనుకునే పాలసీలు

ముందు ఒక సంగతి తెలియాలి. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్‌లలో స్నోమొబైల్‌కి ఇన్సూరెన్స్ చట్టప్రకారం తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ చేయించేటప్పుడు ఎవరూ అడగరు కాబట్టి అవసరం లేదనుకుంటాం. వెర్మాంట్‌లో లయబిలిటీ పాలసీ (మీ బండి వల్ల ఇతరులకు జరిగిన నష్టానికి డబ్బిచ్చేది) లేకుండా రాష్ట్ర ట్రెయిల్స్ ఎక్కకూడదు. సరిహద్దు దాటి ఒంటారియో వెళ్తే సొంత భూమి దాటిన క్షణం నుంచి ఇన్సూరెన్స్ ఉండి తీరాలి, అక్కడ కనీస లయబిలిటీ 2 లక్షల కెనడా డాలర్లు. అటు వెళ్లే ఆలోచన ఉంటే మీ పాలసీ కెనడాలో చెల్లుతుందో లేదో బయల్దేరకముందే కనుక్కోండి.

సొంత ఇల్లున్నవాళ్లు 'హోమ్ ఇన్సూరెన్స్ ఉందిగా' అంటారు. మామూలు హోమ్ పాలసీలో మీ సొంత స్నోమొబైల్‌కి లయబిలిటీ దొరికేది మీ స్థలం హద్దుల్లో ఉన్నంతవరకే. కంచె దాటి ట్రెయిల్ ఎక్కితే అది మీకు లేనట్టే. బండి దొంగలెత్తుకుపోయినా, గరాజ్‌లో కాలిపోయినా కూడా సాధారణంగా ఆ పాలసీ డబ్బివ్వదు. కారు పాలసీ సంగతి చెప్పక్కర్లేదు, రోడ్డు మీద నడవడానికి తయారుచేయని బండ్లను అది తన లెక్కలోకే తీసుకోదు.

మిషిగన్, మిన్నెసోటాలో ఉండేవాళ్లు ఇంకో భ్రమలో ఉంటారు. ఇవి నో-ఫాల్ట్ రాష్ట్రాలు. కారు ప్రమాదమైతే తప్పెవరిదైనా మన సొంత పాలసీయే ఆస్పత్రి ఖర్చు చూసుకుంటుంది. స్నోమొబైల్ ఆ చట్టాల దృష్టిలో మోటారు వాహనం కాదు. చెట్టుకో, ఇంకో స్నోమొబైల్‌కో గుద్దుకుంటే ఆ రక్షణ ఉండదు. అందుకే స్నోమొబైల్ పాలసీలో మెడికల్ పేమెంట్స్ అనే చిన్న గడిని ఖాళీగా వదలకండి. వచ్చేది కొన్ని వేల డాలర్లే అయినా తప్పెవరిదన్న గొడవ లేకుండా వస్తుంది.

అంబ్రెల్లా పాలసీ ఉన్నవాళ్లు మరీ ధీమాగా ఉంటారు. అది మిగతా పాలసీల లయబిలిటీ చాలనప్పుడు వాటి మీద నిలబడే పాలసీ. కింద స్నోమొబైల్‌కి వాళ్లు చెప్పినంత లయబిలిటీ తీసుకోకపోతే, ఆ మధ్య దూరం మీ జేబులోంచే. బండి కొన్న సంగతి అసలు వాళ్లకు చెప్పకపోతే అంబ్రెల్లా కవరే ఉండకపోవచ్చు.

తాళం చేతులు మారితే

అసలు విషయం ఇది. నిదానంగా చదవండి.

మీ బండిని స్నేహితుడు నడిపాడనుకుందాం. అనుమతితో నడిపినవాళ్లకు చాలా పాలసీల్లో కవర్ ఉంటుంది. అయితే కొన్నిట్లో, మీరు లక్షల్లో లయబిలిటీ తీసుకున్నా, బయటివాళ్లు నడిపితే దాన్ని కనీస మొత్తానికి కుదించేస్తారు. ఆ వాక్యం పాలసీలో ఎక్కడో లోపల ఉంటుంది. మీ ఇంట్లోనే ఉండే పెద్ద పిల్లలు, తమ్ముళ్లు, బావమరుదుల పేర్లు మీరు డ్రైవర్ల జాబితాలో రాయకపోతే వాళ్ల విషయంలో ఇంకా గట్టిగా పట్టుకుంటారు. ప్రీమియం తగ్గుతుందని ఎవరినైనా ఎక్స్‌క్లూడెడ్ డ్రైవర్‌గా పెట్టించారా? ఆ మనిషి పార్కింగ్ దాకా తోలినా మీకు పాలసీ లేనట్టే లెక్క.

వెనక కూర్చున్నవాళ్ల సంగతి వేరు. దీన్ని గెస్ట్ ప్యాసింజర్ లయబిలిటీ అంటారు. కొన్ని కంపెనీలు లోపలే కలిపి ఇస్తాయి, కొన్ని విడిగా అమ్ముతాయి, కొన్ని అసలివ్వవు. మొదట చెప్పిన ఓనరుకి లేనిది ఇదే.

'వాడు నా చిన్ననాటి స్నేహితుడు, నా మీద కేసు వేస్తాడా?' అంటారు. వెయ్యడు. అతని హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీకి మీతో ఏ చుట్టరికమూ లేదు. పెద్ద బిల్లు వచ్చిందంటే ప్రమాదం ఎలా జరిగింది, ఎవరి బండి, ఎవరు నడిపారు అంటూ ఒక ఫారం పంపుతుంది. అతను నిజమే రాయాలి. ఆ నిజంలో మీ పేరుంటుంది. ఇందులో స్నేహద్రోహం ఏమీ లేదు, అతని పాలసీ షరతే అంత.

ఇక సొంత కుటుంబం. భార్య వెనక కూర్చుని పడితే మీ లయబిలిటీ చూసుకుంటుందనుకుంటాం. ఒకే ఇంట్లో ఉండేవాళ్ల గాయాలను చాలా పాలసీలు లయబిలిటీ నుంచి తీసేస్తాయి. వాళ్లకు మిగిలేవి ఆ మెడికల్ పేమెంట్స్, వాళ్ల సొంత హెల్త్ ఇన్సూరెన్స్. మనింట్లో అందరికీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారా? ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు? వాళ్లకు తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ తెరిచి మినహాయింపుల పేజీ చూడండి. చాలా ప్లాన్లలో స్కూబా, పారాగ్లైడింగ్ లాంటివాటి వరుసలోనే స్నోమొబైల్ కూడా ఉంటుంది. అడ్వెంచర్ స్పోర్ట్స్ అని అదనపు రైడర్ (పాలసీకి జత చేసే కవర్) కొంటే తప్ప దానికి డబ్బు రాదు, కొన్నిట్లో వయసు దాటితే ఆ రైడరూ ఇవ్వరు. అరవై దాటిన మామగారిని ఫొటో కోసం ఎక్కించి, అమెరికా ఆస్పత్రి బిల్లు సొంతంగా కట్టే పరిస్థితి తెచ్చుకోకండి.

ఇంకో కోణం కూడా ఉంది. మిన్నెసోటాలో ఉండేవాళ్లలో 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టిన ప్రతి ఒక్కరికీ స్నోమొబైల్ నడపాలంటే సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. విస్కాన్సిన్‌లో 1985 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి పన్నెండేళ్లు నిండినవాళ్లకు అదే రూలు. మన స్నేహబృందంలో దాదాపు అందరూ ఆ వయసువాళ్లే. అది లేని మనిషికి తాళం ఇచ్చారంటే, నడపడం రాదని తెలిసీ ఇచ్చారని వాదించే అవకాశం అవతలి లాయరుకి మీరే ఇచ్చినట్టు. అప్పుడు తప్పు నడిపినవాడితో ఆగదు, ఇచ్చినవాడి మీదికీ వస్తుంది.

అందుకని మళ్లీ చెప్తున్నా: ఎవరెవరు నడుపుతారు, ఎవరెవరు వెనక కూర్చుంటారు అన్నది ముందు కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాత పాలసీ కొనండి. కొన్నాక చూసుకుందాం అంటే కుదరదు.

చౌకగా తీసుకోవాలంటే ఎక్కడ కోత పెట్టాలి

స్నోమొబైల్ ఇన్సూరెన్స్ కారుతో పోలిస్తే చాలా చవక. లయబిలిటీ ఒక్కటే అయితే చాలామందికి ఏడాదికి వందా రెండు వందల డాలర్లలో వచ్చేస్తుంది. వయసు, డ్రైవింగ్ రికార్డు, ఇంజిన్ సైజు, ఊరు బట్టి మారుతుంది. మనవాళ్లు ఆదా చేసేది తప్పు చోట. లయబిలిటీని కనీసానికి దించి, పాత బండికి కొలిజన్ కవర్ (గుద్దుకుని మీ బండికే జరిగిన నష్టానికి) పూర్తిగా తీసుకుంటారు. తలకిందుల లెక్క అది. మూడు వేల డాలర్ల బండి ముక్కలైతే పోయేది మూడు వేలు. మనిషి నడుం విరిగితే పోయేదానికి హద్దు లేదు.

నా సలహా: ఒక మనిషికి లక్ష, ఒక ప్రమాదానికి మొత్తం 3 లక్షల డాలర్ల లయబిలిటీకి తక్కువ తీసుకోకండి. ఇల్లు, దాచుకున్న డబ్బు ఉంటే ఇంకా పైకి వెళ్లండి. కనీస మొత్తానికీ దీనికీ ప్రీమియంలో తేడా ఎంతో అడిగి చూడండి, మీరనుకున్నంత ఉండదు. కోత పెట్టాల్సింది పాత బండి కొలిజన్‌లో, డిడక్టిబుల్‌లో. డిడక్టిబుల్ (క్లెయిమ్ చేసినప్పుడు ముందు మీరే కట్టుకునే మొత్తం) 250 డాలర్ల నుంచి 500కో వెయ్యికో పెంచండి. కారు, ఇల్లు ఉన్న కంపెనీలోనే దీన్నీ కలిపితే తగ్గుతుందేమో అడగండి. సేఫ్టీ కోర్సు చేస్తే కొందరు డిస్కౌంట్ ఇస్తారు. ఏడాది డబ్బు ఒకేసారి కట్టండి.

అప్పు మీద కొన్న కొత్త బండి అయితే కాంప్రహెన్సివ్ (దొంగతనం, అగ్ని లాంటి నష్టాలకు), కొలిజన్ రెండూ ఉండాలని అప్పిచ్చినవాళ్లే పట్టుబడతారు, మీ చేతిలో ఉండదు. అప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: బండి పూర్తిగా పోతే ముందే ఒప్పుకున్న విలువ ఇస్తారా, లేక తరుగు తీసేసి ఇస్తారా?

అద్దె బండి

సొంత బండి లేనివాళ్లే ఎక్కువ కాబట్టి ఇదీ చెప్పాలి. అద్దె షాపులో మీరు సంతకం పెట్టే కాగితంలో బండికి జరిగిన నష్టమంతా మీదేనని ఉంటుంది. కారు అద్దెకు పనికొచ్చే క్రెడిట్ కార్డు కవర్ స్నోమొబైల్‌కి దాదాపుగా పనికిరాదు. షాపువాళ్లు అమ్మే డ్యామేజ్ వేవర్ (నష్టం మీ మీద పడకుండా అదనంగా కట్టేది) బండి వరకే. మీరు గుద్దిన మనిషి సంగతి అందులో ఉండదు. కొన్ని హోమ్ పాలసీల్లో అద్దె బండి వల్ల వచ్చే లయబిలిటీకి కాస్త చోటుంటుంది, రిజిస్ట్రేషన్ షరతుతో అదీ పోవచ్చు. ఏజెంటుని ఈమెయిల్‌లో అడిగి, ఈమెయిల్‌లోనే జవాబు తీసుకోండి. ఫోన్‌లో చెప్పిన 'అవునండీ' క్లెయిమ్ రోజు ఎవరికీ గుర్తుండదు. ఇక్కడా అదే మాట: సంతకం పెట్టినవాడు ఒకడు, నడిపేది నలుగురు అయితే నడిపే నలుగురి పేర్లూ ఒప్పందంలో ఉండాలి.

ఇక మిగిలినవి ఒక వరుసలో చెప్పేస్తాను. పాటించండి.

- ఏప్రిల్‌లో పాలసీ రద్దు చేయొద్దు. ట్రైలర్ మీద ఉన్న బండిని వేసవిలోనే ఎత్తుకుపోతారు. కావాలంటే వేసవికి కాంప్రహెన్సివ్ మాత్రమే ఉంచే వీలుందేమో అడగండి.
- ట్రైలర్ని విడిగా రాయించండి. కారు పాలసీ ట్రైలర్ చేసిన నష్టం చూస్తుందేమో గానీ, ట్రైలర్‌కి జరిగిన నష్టం చూడదు.
- ఇంజిన్‌కి టర్బో పెట్టించారా? చెప్పండి. దాచిపెడితే క్లెయిమ్ రోజు బయటపడుతుంది.
- విడిగా కొన్న సామాన్ల బిల్లులు ఫొటో తీసి ఉంచండి. ఎంతవరకు ఇస్తారో పాలసీలో అంకె ఉంటుంది, చూడండి.
- పందేలు వద్దు. ఇద్దరు సరదాగా పోటీపడ్డా దాన్ని రేసింగ్ అనే అవకాశం ఉంది.
- బండిని ఆన్‌లైన్‌లో అద్దెకు పెట్టొద్దు. వ్యక్తిగత పాలసీ అక్కడితో చెల్లదు.
- డబ్బు తీసుకుని ఎవరికీ ఇవ్వొద్దు. పెట్రోలు ఖర్చని తీసుకున్నా వాదన మొదలవుతుంది.
- సరస్సు మీదికి వెళ్లే ముందు స్థానికులను అడగండి. 2022 డిసెంబరులో అరిజోనాలో గడ్డకట్టిన సరస్సు మీద నడుస్తూ మంచు విరిగి మనవాళ్లు ముగ్గురు పోయారు. మనుషుల్నే మోయలేని మంచు మీద రెండు మూడు వందల కిలోల బండి.
- మునిగిన బండిని బయటికి తీయించే ఖర్చు పాలసీలో ఉందా? మిన్నెసోటాలో ముప్పై రోజుల్లోగా తీయించాల్సింది ఓనరే. డైవర్లు, క్రేన్, అన్నీ మీ లెక్కలోకే.
- మద్యం తాగినవాడికి తాళం ఇవ్వొద్దు. మిన్నెసోటాలో స్నోమొబైల్ మీద దొరికినా అది డీడబ్ల్యూఐ (తాగి నడిపిన) కేసే. వీసా మీద ఉన్నవాళ్లకు ఆ కేసు తెచ్చే టెన్షన్ జరిమానాతో తీరదు.
- పదహారేళ్ల మేనల్లుడికి ఇవ్వొద్దు. అలిగినా సరే.
- 'ఒక్క రౌండే' అన్నవాడికీ ఇవ్వొద్దు. అతని పేరు పాలసీలో ఉందో, వెనక ఎక్కేవాళ్లకు కవర్ ఉందో తెలిసేదాకా ఇవ్వొద్దు.
- పాలసీ మొదటి పేజీ ఫోన్‌లో ఉంచుకోండి. ట్రెయిల్ మీద సిగ్నల్ ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోండి.
- ప్రమాదం జరిగితే ఫొటోలు తీయండి, పోలీసులకు చెప్పండి, అదే రోజు కంపెనీకి చెప్పండి. 'నాదే తప్పు, నేను కడతాను' అని ఎవరికీ మాటివ్వొద్దు.
- ఎవరు నడిపారన్న విషయంలో అబద్ధం చెప్పొద్దు, ఓనరే నడిపాడని కథ అల్లొద్దు. అది మోసం కింద వస్తుంది, ఉన్న కవర్ కూడా పోతుంది.
- బండి అమ్మేస్తే రిజిస్ట్రేషన్ కొన్నవాళ్ల పేరుకి మారిందని తేలాకే పాలసీ ఆపండి.