చదునుపాదాల వల్ల మడమ నొప్పి వస్తుంటే ఇన్సోల్ ఎలా ఎంచుకోవాలి?

ఉదయం మంచం దిగి మొదటి నాలుగు అడుగులు వేయలేక గోడ పట్టుకునేవారిలో చాలామంది తమ మడమకు మెత్తదనం కావాలని అనుకుంటారు. మెడికల్ షాపుకు వెళ్ళి, వేలితో నొక్కితే లోపలికి దిగిపోయే జెల్ ముక్కను కొని, షూలో వేసుకుని, కొన్నాళ్ళకు ఇన్సోళ్ళన్నీ వృథా ఖర్చని తేల్చేస్తారు. విజయవాడ బీసెంట్ రోడ్డు బట్టల దుకాణాల్లో పొద్దస్తమానం నిలబడి పనిచేసే కుర్రాళ్ళకూ, రోజంతా బోర్డు ముందు నిలుచునే ఉపాధ్యాయులకూ ఇన్సోళ్ళు చూసిపెట్టడం నాకు చాలాకాలంగా ఉన్న పని. వచ్చేవారిలో ఎక్కువమంది ఆ జెల్ ముక్కను చేత పట్టుకునే వస్తారు. చదునుపాదం ఉన్నవారికి మెత్తదనం కంటే ముందు ఆసరా కావాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగిలిన ఎంపిక సగం తేలికవుతుంది.

అరికాలిలో మడమ ఎముక అడుగున మొదలై వేళ్ళ మొదళ్ళ దాకా సాగే దళసరి పట్టీ ఒకటి ఉంటుంది. వైద్యులు దాన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. పాదపు వంపు విల్లయితే ఆ పట్టీ వింటినారి. చదునుపాదంలో ఒంటి బరువు పడగానే వంపు కిందికి దిగి, పాదం కొద్దిగా సాగి, ఆ నారి బిగిసి, అది మడమ ఎముకను పట్టుకున్న చోట ప్రతి అడుగుకూ లాగుడు పడుతుంది. అందుకే నొప్పి మడమ అడుగున, కాస్త లోపలి వైపుగా, ఒక్క వేలితో చూపించగలిగిన చోట ఉంటుంది. నొప్పి పుట్టేది లాగుడు వల్ల కాబట్టి వంపును దిగకుండా ఆపితే అది తగ్గే వీలుంటుంది. మడమ కింద ఎంత మెత్తటి ముక్క పెట్టినా పైనున్న వంపు దిగుతూనే ఉంటుంది. ఎక్స్‌రేలో మడమ దగ్గర ఎముక ముల్లులా పెరిగిందని తెలిసి బెంబేలెత్తేవారు ఒక సంగతి గమనించాలి. ఏ నొప్పీ లేనివారి ఎక్స్‌రేల్లోనూ ఆ ముల్లు తరచుగా కనిపిస్తుంది.

అయితే ప్రతి మడమ నొప్పీ ఇన్సోల్‌తో పోయేది కాదు. ఒక్క పాదమే ఈ మధ్య చదునుగా మారినా, లోపలి చీలమండ వెనుక వాపు ఉన్నా, పడుకున్నప్పుడు కూడా నొప్పి వస్తున్నా, తిమ్మిరి ఎక్కుతున్నా, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినా ముందు వైద్యుడికి చూపించాలి. విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ ఎముకల డాక్టర్లకు కొదవ లేదు. అయిదారేళ్ళలోపు పిల్లల పాదాలు చదునుగా ఉండటం సహజం. వారికి నొప్పి లేనప్పుడు ఇన్సోళ్ళ జోలికి వెళ్ళనక్కరలేదు.

ముందు పాదాన్ని చూడండి

తడి పాదంతో పాత న్యూస్‌పేపరు మీద అడుగు వేస్తే ముద్ర నిండుగా, లోపలి వైపు ఖాళీ లేకుండా పడటం చదునుపాదానికి గుర్తని అందరికీ తెలుసు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. దాని తరువాత చేయవలసిన పరీక్ష మరింత ముఖ్యం. వంటగట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి నిలబడాలి. అప్పుడు వంపు పైకి లేచి కనిపించి, మడమ లోపలి వైపుకు తిరిగితే అది సడలే రకం చదునుపాదం. ఎక్కువమందిది ఇదే, ఇన్సోల్ ఉపయోగపడేది ప్రధానంగా దీనికే. లేచినా వంపు రాకపోతే పాదం బిగుసుకుపోయిందని అర్థం. అలాంటి పాదం కింద గట్టి వంపు పెడితే నొప్పి పెరుగుతుంది కాబట్టి డాక్టరు చెప్పకుండా కొనకూడదు.

షూ సంగతి

ఇన్సోల్ ఎంత మంచిదైనా అది కూర్చునే షూ వదులుగా ఉంటే ప్రయోజనం లేదు. షూ వెనుక భాగాన్ని, అంటే మడమను పట్టి ఉంచే గోడను, రెండు వేళ్ళతో నొక్కితే అది లోపలికి ముడుచుకుపోకూడదు. షూను రెండు చేతులా పట్టి గుడ్డ పిండినట్టు మెలితిప్పితే తిరిగిపోకూడదు. వేళ్ళ దగ్గర వంగాలి, మధ్యలో వంగకూడదు. లేసులు గానీ పట్టీ గానీ ఉండి తీరాలి. కాలు దూర్చి వెళ్ళిపోయే లోఫర్లతో నేను ఎవరికీ ఇన్సోల్ ఇప్పించను. షూతో పాటు వచ్చే లోపలి సోల్ ఊడి వచ్చేదై ఉండాలి, ఎందుకంటే దాన్ని తీసేసిన చోటే మనం కొన్నది కూర్చోవాలి.

చెప్పులు వేసుకునేవారికి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. మన ఎండలకు షూ వేసుకోలేమని చెప్పి చెప్పులోనే ఇన్సోల్ అతికించుకోవాలని చూస్తారు. అది నాలుగు రోజులు కూడా నిలవదు. ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు షుగర్ ఉన్నవారి అరికాలి మీద ఒత్తిడి తగ్గించడానికి ఉద్దేశించినవి. మెత్తగా హాయిగా ఉంటాయే గానీ వంపు లేని మామూలు ఎంసీఆర్ రకం చదునుపాదాన్ని పైకి ఎత్తి పట్టదు. చెప్పు తప్పనిసరైతే వంపు అందులోనే పోసి, వెనుక పట్టీ ఉన్న సాండల్ కొనుక్కోవాలి.

ఏ సరుకు, ఏ ఆకారం

ఈవీఏ అనే గట్టి ఫోమ్, పాలియూరిథేన్, కార్క్, లేదా అడుగున పలుచని ప్లాస్టిక్ డిప్ప ఉన్న రకం, వీటిలో ఏదైనా ఫరవాలేదు. మెమరీ ఫోమ్ వద్దు. జెల్ వద్దు. ముక్కాలు పొడవువి కూడా వద్దు. షూలో ముందుకూ వెనక్కూ జారుతుంటాయి కాబట్టి వేళ్ళ దాకా ఉండే పూర్తి సోల్ తీసుకోవాలి. మడమ కూర్చునే గిన్నె సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల లోతు ఉండాలి, ఎందుకంటే ఆ అంచులు మడమను పక్కకు వాలకుండా పట్టి ఉంచుతాయి. వంపు మీద బొటనవేలితో గట్టిగా అదిమి చూడండి. కొద్దిగా దిగి ఆగాలి. పూర్తిగా నేలకు అణిగిపోతే మీ ఒంటి బరువు కింద అది లేనట్టే.

వంపు ఎక్కడ కూర్చోవాలి

పని చెడేది ఇక్కడే కాబట్టి ఈ భాగాన్ని తొందరపడి చదవకండి. ఇన్సోల్ పెట్టె మీద ఉండేది షూ సైజు మాత్రమే. ఇద్దరు మనుషులు ఎనిమిదో నంబరు షూ వేసుకుంటున్నా, ఒకరికి వేళ్ళు పొడవుగా ఉండి వంపు పొట్టిగా ఉండవచ్చు, ఇంకొకరికి వేళ్ళు పొట్టిగా ఉండి వంపు పొడవుగా ఉండవచ్చు. సైజు చూసి ఇద్దరికీ ఒకే ఇన్సోల్ ఇస్తే ఒకరికి వంపు ముందుకు వెళ్ళి వేళ్ళ మొదట్లో పొడుస్తుంది. అమెరికాలో 1920ల్లో చార్లెస్ బ్రానాక్ రూపొందించిన లోహపు కొలత పరికరం పాదం మొత్తం పొడవునూ, మడమ నుంచి బొటనవేలి కీలు వరకూ ఉన్న పొడవునూ విడివిడిగా చూపుతుంది. మన దుకాణాల్లో ఎక్కువచోట్ల మొదటి కొలతే తీస్తారు కాబట్టి రెండోది ఇంట్లో మీరే తీసుకోవాలి.

పాదాలు కాస్త ఉబ్బే సాయంత్రం వేళ, మీరు రోజూ వేసుకునే సాక్సులతో ఈ పని చేయండి. గోడకు ఆనించి నేల మీద కాగితం పరిచి, మడమ గోడకు తగిలేలా, రెండు కాళ్ళ మీదా సమంగా బరువు వేసి నిలబడాలి. కూర్చుని కొలవకూడదు; కూర్చున్నప్పుడు సడలే రకం పాదం వంపు బాగానే ఉన్నట్టు నటిస్తుంది. పాదం లోపలి అంచున, బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా తగిలే కీలు దగ్గర ఇంకొకరి చేత గీత పెట్టించండి. తరువాత లోపలి చీలమండకు కిందుగా, కొద్దిగా ముందుగా వేలికి తగిలే ఎముక మొన ఒకటి ఉంటుంది. దానికి సూటిగా కిందనున్న చోట ఇంకో గీత పెట్టించండి. రెండు పాదాలకూ ఇలాగే చేయాలి, ఎందుకంటే రెండూ సమానంగా ఉండటం అరుదు.

ఈ కాగితం దుకాణానికి తీసుకువెళ్ళి, అక్కడి గోడకు ఆనించి, దాని మీద ఇన్సోల్ పెట్టి చూడండి. వంపులో అన్నిటికంటే ఎత్తయిన చోటు మీరు పెట్టిన రెండో గీత దగ్గర, లేదా దానికి కొంచెం మడమ వైపున పడాలి. వంపు వాలు మొదటి గీతకు కనీసం ఒక వేలి వెడల్పు ముందే నేలకు కలిసిపోవాలి. ఎత్తయిన చోటు వేళ్ళ వైపు పడితే, ఎంత ఖరీదైనదైనా పక్కన పెట్టి ఇంకొకటి అడగండి. వాడగా వాడగా సర్దుకుంటుందని అమ్మేవారు చెబుతారు. సరుకు కాస్త అణుగుతుంది గానీ వంపు చోటు మారదు.

చోటు కుదిరాక ఎత్తు చూడాలి. ఇన్సోల్‌ను నేల మీదే ఉంచి దాని మీద ఒంటికాలిపై నిలబడి, గోడకు చేయి ఆనించి, మోకాలిని కొద్దిగా వంచండి. మోకాలి చిప్ప బొటనవేలి పక్క వేలి మీదుగా ముందుకు రావాలి. లోపలికి వాలిపోతే ఆసరా చాలలేదు. పాదం బయటి అంచు మీదికి దొర్లుతున్నట్టు ఉంటే వంపు మీకు ఎక్కువ ఎత్తు. అలాంటిది వాడితే మడమ నొప్పి తగ్గకముందే బయటి చీలమండలో, మోకాలిలో నొప్పి మొదలవుతుంది. మంచి ఇన్సోల్ మీద నిలబడితే అరికాలి మధ్యభాగమంతా ఏదో ఆనుతున్నట్టు తెలుస్తుంది, ఒక్కచోట మాత్రం ఎక్కడా పొడవదు. చదునుపాదం కాబట్టి అందరికంటే ఎత్తు వంపు కావాలన్న లెక్క తప్పు. ఏళ్ళ తరబడి దిగి ఉన్న పాదానికి తక్కువ, లేదా మధ్యరకం ఎత్తుతో మొదలుపెట్టడమే మేలు.

ఆ తరువాతే షూలో పెట్టి నడవాలి. అదీ దుకాణంలో పరిచిన తివాచీ మీద కాకుండా గట్టి గచ్చు మీద నడవాలి, వీలైతే రెండు మెట్లు ఎక్కి దిగాలి. మడమ షూలోంచి పైకి జారుతుంటే ఇన్సోల్ మందం ఆ షూకు ఎక్కువైందని అర్థం. ఒక ఉపాధ్యాయుడు తన ఇన్సోల్ అరికాలి మధ్యలో పొడుస్తోందని తెచ్చి చూపించారు. చూస్తే పాత సోల్ తీయకుండా దాని మీదే కొత్తది వేశారు. అది ముందుకు జరిగి, మడమ గిన్నెకూ షూ గోడకూ మధ్య నా చూపుడువేలు దూరేంత ఖాళీ ఏర్పడి, వంపు కాస్తా వేళ్ళ మొదట్లోకి చేరింది. పాతది లాగేసి అదే ఇన్సోల్‌ను వెనక్కి నెట్టి కూర్చోబెట్టగానే పొడవడం ఆగింది. పొడవు ఎక్కువైతే పాత సోల్‌ను పైన పెట్టి గీసుకుని వేళ్ళ వైపు మాత్రమే కొద్దికొద్దిగా కత్తిరించాలి. మడమ వైపు కత్తెర పెట్టకూడదు.

పాదం పెడితే రంగురంగుల బొమ్మ వచ్చే స్కానింగ్ యంత్రాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఒత్తిడి ఎక్కడ పడుతున్నదో అవి చూపిస్తాయి. వంపు ఎంత ఎత్తు ఉంటే మీ మోకాలు సూటిగా వస్తుందో చెప్పడానికి ఒంటికాలి పరీక్షే నాకు నమ్మకం. అచ్చు తీసి ప్రత్యేకంగా చేయించే ఇన్సోళ్ళు చాలా ఖరీదు. మామూలు మడమ నొప్పికి గట్టి రెడీమేడ్ రకం కంటే అవి ఎక్కువ మేలు చేస్తాయనడానికి పెద్దగా ఆధారం లేదు. రెండు పాదాల మధ్య బాగా తేడా ఉన్నవారు, బిగుసుకున్న పాదం ఉన్నవారు మాత్రం డాక్టరు సలహాతో చేయించుకోవచ్చు.

అలవాటు చేసుకోవడం

మొదటిరోజు ఒక గంట, తరువాత రోజుకు ఒక గంట చొప్పున పెంచుతూ రెండు వారాల్లో పూర్తి రోజుకు చేరాలి. పిక్కల్లో, అరికాలిలో తేలికపాటి అలసట ఉండటం మామూలే. సూదిగా పొడిచే నొప్పి వస్తే ఆపి, వంపు చోటు మళ్ళీ చూసుకోవాలి. కొత్త ఇన్సోల్ వేసుకున్న రోజునే ప్రకాశం బ్యారేజీ ఈ చివర నుంచి ఆ చివరకు నడకకు బయలుదేరవద్దు.

బయట షూ, ఇంట్లో నున్నని టైల్స్ మీద వట్టికాళ్ళు అన్న పద్ధతి కొనసాగితే పగలు సంపాదించింది సాయంత్రానికి పోతుంది. బయటి చెప్పులు గడప దాటనివ్వని ఇళ్ళు మనవి. కాబట్టి వంపు ఉన్న చెప్పుల జత ఒకటి ఇంటికే కేటాయించి మంచం పక్కన పెట్టుకోవాలి. మంచం దిగేముందు నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, వేళ్ళను చేత్తో వెనక్కి లాగి పదిసార్లు పట్టీని సాగదీయాలి. గోడకు చేతులు ఆనించి పిక్కలను అరనిమిషం చొప్పున సాగదీయడం కూడా రోజూ చేయాలి. ఇన్ని చేసినా ఆరు వారాలకు ఏ మార్పూ లేకపోతే ఇంకో ఇన్సోల్ కొనకుండా డాక్టరును కలవాలి.

రాత్రి ఇన్సోల్‌ను షూలోంచి తీసి నీడలో ఆరనివ్వండి. మే నెల ఎండలో ఆరబెట్టినా, బండి డిక్కీలో వదిలేసినా ఈవీఏ కుంచించుకుపోయి వంపు చోటు తప్పుతుంది. రోజూ వాడేవారికి ఒక జత ఆరు నెలల నుంచి ఏడాది వరకు వస్తుంది. పైన గుడ్డ బాగానే ఉన్నా బొటనవేలితో అదిమినప్పుడు వంపు నేలకు అణిగిపోతుంటే దాని పని అయిపోయినట్టే. కొత్తది కొనేటప్పుడు కాగితంతో పాటు ఆ పాత జతను కూడా తీసుకువెళ్ళి, పాత, కొత్త ఇన్సోళ్ళను మడమ అంచులు కలిపి పక్కపక్కన నిలబెట్టి, వంపులో ఎత్తయిన చోటు ఒకే గీత మీద ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు చెల్లించండి.