హెపటైటిస్ సి ఎంతమందికి ఉందో లెక్క కట్టడం ఎలా?

హెపటైటిస్ సి అంటే కాలేయానికి సోకే వైరస్ జబ్బు. ముందు ఏది లెక్కపెడుతున్నారో తేల్చుకోండి: ఎప్పుడో ఒకసారి సోకినవాళ్లనా, ఇప్పుడు ఒంట్లో వైరస్ ఉన్నవాళ్లనా? యాంటీబాడీ (వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే పదార్థం) పరీక్ష మొదటిదే చెబుతుంది. జబ్బు దానంతటది పోయినా, మందులతో నయమైనా యాంటీబాడీలు ఏళ్ల తరబడి ఉంటాయి. అందుకే పాజిటివ్ వచ్చిన ప్రతి నమూనాకూ, వైరస్ జన్యుపదార్థం ఇప్పుడు రక్తంలో ఉందో లేదో చూసే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయాల్సిందే.

బ్లడ్ బ్యాంకు అంకెను దేశం అంకెగా రాయొద్దు. దాతలు వడపోతలో మిగిలిన ఆరోగ్యవంతులు, కాబట్టి తక్కువ వస్తుంది. డయాలసిస్ వార్డులో చూస్తే ఎక్కువ వస్తుంది. ఇంటింటి సర్వేనే నమ్మదగ్గది.

1 శాతం మందికి ఉంటుందనుకుని, అటూ ఇటూ అర శాతం తేడాలో, 95 శాతం విశ్వాస స్థాయితో (ఇలాంటి సర్వే వందసార్లు చేస్తే దాదాపు 95 సార్లు అసలు అంకె ఆ తేడాలోనే పడేలా) తేల్చాలంటే 1,521 మంది కావాలి. వార్డులు, ఊళ్ల వారీగా గుంపులుగా తీస్తాం కనుక దానికి రెట్టింపు, 3,042. పదిమందిలో ఒకరు రక్తం ఇవ్వరనుకుంటే 3,380.

ఊళ్లను జనాభా దామాషాలో ఎంచండి. 2011 జనగణనలో ఉన్నవి పాత జిల్లాలు. కృష్ణా, గుంటూరు 2022 ఏప్రిల్‌లో విడిపోయాయి కాబట్టి మండలాల వారీగా మళ్లీ కూడుకోవాలి.

ఎక్కువ సర్వేలు చెడేది గుమ్మం దగ్గరే. విజయవాడ కృష్ణలంకలో ఇంటికి తాళం ఉందని పక్కింటికి వెళ్లిపోకండి. గుంటూరులో మిర్చి యార్డు పనివాళ్లు పగలు ఇంట్లో దొరకరు. వయసు మళ్లినవాళ్లే దొరికి లెక్క అటు ఒరుగుతుంది. సాయంత్రం, ఆదివారం కలుపుకుని కనీసం మూడుసార్లు వెళ్లండి.

5 మి.లీ. రక్తం ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో తీయండి. రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్, ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో వాడే పీసీఆర్ పద్ధతిని అడ్డుకుంటుంది, ఆ ట్యూబు వద్దు. విజయవాడ మే ఎండల్లో ఐస్ బాక్సు లేకుండా బయల్దేరొద్దు. 6 గంటల్లోపు ప్లాస్మా వేరుచేయాలి. ఆలస్యమైతే ఆర్‌ఎన్‌ఏ చెడి, వైరస్ ఉన్నవాళ్లు కూడా లేనట్టు తేలవచ్చు.

ఇక తప్పుడు పాజిటివ్‌లు. వెయ్యిమందిలో నిజంగా 10 మందికి ఉందనుకోండి. ఉన్నవాళ్లలో 98 శాతం మందిని పట్టి, లేనివాళ్లలో 1 శాతం మందిని తప్పుగా చూపే కిట్టుతో దాదాపు 20 (సరిగ్గా 9.8 + 9.9 = 19.7) పాజిటివ్‌లు వస్తాయి. సగం అబద్ధం! సవరణ సులువే: వచ్చిన 0.0197లోంచి 0.01 తీసేసి 0.97తో (0.98లోంచి 0.01 పోగా మిగిలేది) భాగిస్తే 0.01, అంటే అసలు 1 శాతం.

ఆపైన వయసు, ఆడ-మగ వారీగా జనాభాకు సరిపడే వెయిట్లు (సర్వేలో తక్కువగా దొరికినవాళ్ల లెక్కను పెంచి, ఎక్కువగా దొరికినవాళ్లది తగ్గించే గుణకాలు) వేసి, అంకెతోపాటు దాని హద్దులూ రాయండి.

వైరస్ ఉన్నట్టు తేలినవాళ్లకు రిపోర్టు ఇంటికే తీసుకెళ్లి రహస్యంగా ఇవ్వండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద మందులు ఉచితం. ఏ ఆసుపత్రికి వెళ్లాలో కాగితం మీద రాసివ్వండి. రక్తం తీసుకుని మొహం చాటేస్తే, రెండో విడత సర్వేకి ఆ వీధిలో తలుపు తీయరు.