కొలెస్ట్రాల్ మాత్ర: పరగడుపునా, భోజనం తరువాతా?

ఈ ప్రశ్నకు అన్ని మాత్రలకూ వర్తించే ఒకే జవాబు లేదు కనుక, మొదట మాత్రల అట్టపై బ్రాండు పేరుతో పాటు చిన్న అక్షరాలలో అచ్చయి ఉండే మందు అసలు పేరును చదవండి.

అక్కడ అటోర్వాస్టాటిన్ అనో, రోసువాస్టాటిన్ అనో ఉంటే భోజనం గురించి బెంగ అక్కరలేదు. ఆహారంతో వేసుకున్నప్పుడు అటోర్వాస్టాటిన్ రక్తంలోకి చేరే మొత్తం సుమారు 9 శాతం తగ్గినా, చెడు కొలెస్ట్రాల్ తగ్గడంలో తేడా ఉండదు. ఈ రెండూ ఒంట్లో చాలా గంటలు నిలుస్తాయి గనుక, మీరు ఏ పూట మరచిపోరో ఆ పూటనే ఎంచుకుని రోజూ అదే వేళకు వేసుకోండి. సిమ్వాస్టాటిన్ త్వరగా తరిగిపోతుంది, కాలేయమేమో కొలెస్ట్రాల్‌ను రాత్రివేళ ఎక్కువగా తయారుచేస్తుంది. అందుకే దానిని సాయంత్రం వేసుకోమంటారు. 1987లో అమెరికాలో అనుమతి పొందిన తొలి స్టాటిన్ (పై మందులన్నీ ఈ కోవవే) అయిన లోవాస్టాటిన్ సాధారణ మాత్రకు మాత్రం రాత్రి భోజనం తోడుండాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే, భోజనంతో అందే మందులో మూడింట రెండు వంతులే ఒంటికి పడుతుంది.

రక్తంలోని మరో రకం కొవ్వు అయిన ట్రైగ్లిజరైడ్‌లను తగ్గించేందుకు ఇచ్చే ఫెనోఫైబ్రేట్ పాత రకాలు ఆహారంతోనే బాగా ఇంకుతాయి. కొత్త రకాలలో కొన్నింటికి ఆ నియమం లేదు. మీది ఏ రకమో మందుల దుకాణంలో అడిగి తెలుసుకోండి.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది గ్రేప్‌ఫ్రూట్ విషయంలో. పేరు అలా ఉన్నా ఇది ద్రాక్ష కాదు, నిమ్మజాతి పండు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు ఉదయపు ఫలహారంలో తరచుగా ఎదురవుతుంది. మన పెరళ్లలో కాసే పంపరపనసలోనూ ఇదే తరహా పదార్థాలు ఉంటాయి. పేగు గోడలలో మందును కొంత విరిచివేసే ఎంజైమును ఇవి పనిచేయనివ్వవు. దానితో సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్, కొంతమేరకు అటోర్వాస్టాటిన్ కూడా అవసరానికి మించి రక్తంలో చేరి, కండరాలు దెబ్బతినే ముప్పును పెంచుతాయి. ఈ ప్రభావం ఒక రోజుకు పైగా నిలుస్తుంది కాబట్టి ఉదయం పండు తిని రాత్రి మాత్ర వేసుకున్నా ప్రయోజనం లేదు. ఆ పండు తినే అలవాటు ఉంటే వైద్యునికి చెప్పండి. రోసువాస్టాటిన్‌కు ఈ చిక్కు దాదాపు లేదు. కారణం లేని కండరాల నొప్పి గానీ, ముదురు రంగు మూత్రం గానీ కనిపిస్తే వెంటనే వైద్యుని సంప్రదించండి.

రోసువాస్టాటిన్‌కు ఉన్న చిక్కు వేరు: అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందును దానితో కలిపి తాగితే, రక్తంలో చేరే మందు దాదాపు సగానికి పడిపోతుంది. మాత్ర వేసుకున్న రెండు గంటల తరువాతనే ఆ మందు తాగండి.