ఉత్తర కొరియా అణు పరీక్ష చేసిన రోజు ఏం చేయాలి

పేలుడు వార్త రాగానే ఏ దేశాధినేతా నోరు జారకూడదు. 2017 ఆగస్టులో ట్రంప్ ‘అగ్ని, ఆగ్రహం’ అని హెచ్చరించిన కొన్ని గంటలకే, పసిఫిక్‌లోని అమెరికా దీవి గువామ్ చుట్టూ క్షిపణులు వేసే ఆలోచనలో ఉన్నామని ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ ప్రకటించింది. అవతలివాళ్లు ఎప్పుడేం చేస్తారో తెలియనప్పుడు, మనం ఏం చేస్తామో వాళ్లకు స్పష్టంగా తెలిసి ఉండాలి. ఇద్దరూ అంతుపట్టకుండా ప్రవర్తిస్తే ప్రమాదం రెట్టింపవుతుంది.

ముందు అసలు ఏం జరిగిందో తేల్చుకోవాలి. పేలుడులో పి-తరంగం, అంటే భూమిలోంచి అన్నిటికంటే ముందు చేరే ప్రకంపన, ఒక్కసారిగా బలంగా మొదలవుతుంది. దాంతో పోలిస్తే ఉపరితల తరంగాలు బలహీనంగా ఉంటాయి. భూకంపానికీ పేలుడుకీ తేడా నిమిషాల్లో పట్టిచ్చేది ఇదే. 2017 సెప్టెంబరు 3న ఉత్తర కొరియా అణు పరీక్షా స్థలం పుంగ్యే-రిలో జరిగిన పరీక్షకు అమెరికా భూగర్భ సర్వే 6.3 తీవ్రత నమోదు చేసింది. అయితే పేలింది అణుబాంబేనని రుజువు కావాలంటే గాలిలో రేడియోధార్మిక జెనాన్ వాయువు దొరకాలి. సొరంగం గట్టిగా మూసుకుపోతే అది బయటికే రాదు. 2013 ఫిబ్రవరి పరీక్ష ఆనవాలు జపాన్‌లోని తకాసాకి కేంద్రానికి 55 రోజుల తర్వాత చిక్కింది. అందుకే ‘రేపటికల్లా రుజువు చూపిస్తాం’ అని ఎవరికీ మాటివ్వకూడదు.

జరిగింది క్షిపణి పరీక్ష అయితే దూరం ఒక్కటే చూసి మోసపోవద్దు. 2017 నవంబరు 29న ఉత్తర కొరియా క్షిపణి హ్వాసాంగ్-15 పడింది 950 కిలోమీటర్ల దూరంలోనే. కానీ అది ఎక్కిన ఎత్తు దాదాపు 4,500 కిలోమీటర్లు. మామూలు పథంలో వదిలితే అదే క్షిపణి సుమారు 13,000 కిలోమీటర్లు వెళ్తుందని నిపుణుల అంచనా. ఘన ఇంధనమా, ద్రవ ఇంధనమా అన్నదీ అంతే ముఖ్యం. 2023 ఏప్రిల్‌లో తొలిసారి వదిలిన హ్వాసాంగ్-18 ఘన ఇంధనంతో నడుస్తుంది. ప్రయోగ స్థలంలో ఇంధనం నింపే పని లేదు కాబట్టి, ముందుగా పసిగట్టే వ్యవధి బాగా తగ్గిపోయింది.

సియోల్, టోక్యో, వాషింగ్టన్ ఒకే వాక్యాలతో ప్రకటన ఇవ్వాలి. సైనిక విన్యాసాలు ఉంటే తేదీలు, ప్రాంతం ప్యాంగ్యాంగ్‌కు ముందే చేరాలి. ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఉన్‌ను మట్టుబెట్టే దాడుల గురించి బహిరంగంగా మాట్లాడటం అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు. 2022 సెప్టెంబరులో వాళ్లు చేసిన చట్టం ప్రకారం, నాయకత్వంపై దాడి జరగబోతోందని అనిపించినా ముందే అణ్వస్త్రం వాడొచ్చు.

బలం చూపించక తప్పనప్పుడు ఎలా చూపించాలో 1976 ఆగస్టు నేర్పుతుంది. రెండు కొరియాల సరిహద్దులోని పన్మున్‌జోమ్‌లో పాప్లార్ చెట్టు కొమ్మలు కొట్టిస్తున్న ఇద్దరు అమెరికా అధికారులను ఉత్తర కొరియా సైనికులు గొడ్డళ్లతో చంపారు. మూడు రోజులకు అమెరికా ఇంజనీర్లు రంపాలతో వెళ్లి ఆ చెట్టునే నరికేశారు. పైన బి-52 బాంబర్లు తిరుగుతున్నాయి, సముద్రంలో విమానవాహక నౌక సిద్ధంగా ఉంది. మిగిలిపోయిన పని పూర్తి చేసుకుని వెళ్లిపోతామని అవతలి పక్షానికి కబురూ అందింది. అదే రోజు అప్పటి ఉత్తర కొరియా అధినేత కిమ్ ఇల్ సంగ్ విచారం తెలిపారు. అప్పటికి వాళ్ల దగ్గర అణుబాంబు లేదు, నిజమే. కానీ వెనక ఎంత బలగం ఉన్నా చేసే పని ఒక చెట్టు దగ్గరే ఆగుతుందని ఇటువాళ్లు చెప్పగలిగారు, అటువాళ్లు నమ్మగలిగారు.

ఇక ఆంక్షలు. 2017 డిసెంబరు నాటి ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2397వ తీర్మానం ఉత్తర కొరియాకు వెళ్లే శుద్ధి చేసిన చమురును ఏడాదికి 5 లక్షల పీపాలకు పరిమితం చేసింది. నడిసముద్రంలో ఓడ నుంచి ఓడకు మార్చుకోవడంతో ఆ హద్దుకు గండి పడింది. పైగా 2024 మార్చిలో రష్యా వీటో వల్ల ఆంక్షల అమలును చూసే నిపుణుల బృందమే రద్దయింది. కొత్త తీర్మానం కోసం నెలలు వృథా చేయకుండా, ఓడలకు బీమా ఇచ్చే సంస్థలనూ, డబ్బు మళ్లించే బ్యాంకులనూ పట్టుకోవాలి. ఏం చేస్తే ఏ ఆంక్ష ఎత్తేస్తారో మొదటే రాసిపెట్టాలి. ఆ దారి లేకపోతే ఆంక్షకు బేరంలో విలువ ఉండదు.

చర్చలు మొదలైతే పదాల దగ్గరే జాగ్రత్త పడాలి. అమెరికాతో 2012 ఫిబ్రవరి 29న కుదిరిన ఒప్పందంలో ఉత్తర కొరియా వాళ్లు దీర్ఘశ్రేణి క్షిపణి ప్రయోగాలు ఆపుతామన్నారు. ఏప్రిల్‌లో రాకెట్ వదిలి, అది ఉపగ్రహం కోసమని వాదించారు. ఒప్పందం ఆరు వారాలకే కుప్పకూలింది. రెండు ప్రభుత్వాలూ వేర్వేరు ప్రకటనలు విడుదల చేయడం అక్కడ జరిగిన పొరపాటు. ‘బాలిస్టిక్ క్షిపణి సాంకేతికత వాడే ఏ ప్రయోగమైనా, ఉపగ్రహంతో సహా’ అన్న మాట ఉన్న ఒకే పత్రం, కొరియన్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ, ఇద్దరి సంతకాలతో బయటికి రావాలి.